సిరా సంతకం నుండి ఎలక్ట్రానిక్ సంతకం వరకు: ఔషధ పరిశ్రమ కార్మికుల డిజిటల్ శిక్షణ - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
ఔషధ కర్మాగారాలలో డిజిటల్ నైపుణ్య శిక్షణ అంటే కంప్యూటరు వాడకం నేర్పడమేననే అభిప్రాయం ఉంది. తయారీలో జరిగిన పనికి సాక్షి ఎవరు, ఆ సాక్ష్యానికి బాధ్యులెవరు అన్న ప్రశ్నలే ఈ శిక్షణకు మూలమని దాని చరిత్ర తెలుపుతుంది. హైదరాబాదు పరిశ్రమ నేపథ్యంలో ఆ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కాగితపు దశ:
1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ సోవియట్ సహకారంతో బాలానగర్‌లో నెలకొల్పిన సింథటిక్ డ్రగ్స్ కర్మాగారం హైదరాబాదు ఔషధ రంగానికి పునాది వేసింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు. ఔషధాలలో తయారీ పద్ధతికే తప్ప ఉత్పత్తికి పేటెంటు ఇవ్వని 1970 నాటి పేటెంట్ల చట్టం దేశీయ పరిశ్రమకు ఊతమిచ్చింది. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతాలు ఔషధ కేంద్రాలుగా ఎదిగాయి.

ఈ దశలో పనికి రుజువు కాగితమే. ముడిపదార్థాల తూకం, రియాక్టరు ఉష్ణోగ్రత, సమయం బ్యాచ్ రికార్డులో రాసి ఒకరు సంతకం చేస్తే, మరొకరు సరిచూసి సంతకం చేయాలి. తప్పు పడితే దిద్దకుండా ఒక్క గీతతో కొట్టివేసి, సరైన అంకె పక్కన రాసి, తేదీతో సంతకం పెట్టాలి. పాత అంకె కనబడుతూనే ఉండాలన్నది ఇందులోని నీతి. అనుభవజ్ఞుల పక్కన నిలబడి చూసి నేర్చుకోదగిన విద్య ఇది.

తెర మీది సంతకం:
అమెరికాకు మందులు ఎగుమతి చేసే కర్మాగారం ఎక్కడున్నా అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ నిబంధనలకు లోబడాలి. ఆ సంస్థ 1997లో ప్రకటించిన '21 సి.ఎఫ్.ఆర్. పార్ట్ 11' ఎలక్ట్రానిక్ సంతకాన్ని చేతి సంతకంతో సమానంగా గుర్తించింది. ఒకరి సంతకాన్ని మరొకరు వాడరాదని, మార్పు చేసినా పాత వివరం మరుగున పడరాదని నిర్దేశించింది. ఆ వ్యవస్థను వాడేవారికి తగిన విద్య, శిక్షణ, అనుభవం ఉండాలని కూడా పేర్కొంది. అంటే కాగితం మీది ఒక్క గీత నీతే 'ఆడిట్ ట్రయల్' అనే కొత్త పేరుతో కంప్యూటరులోకి ప్రవేశించింది.

అయితే ఒక తేడా ఉంది. కాగితం మీద చేతిరాత మనిషిని పట్టిస్తుంది. కంప్యూటరుకు తెలిసింది పాస్‌వర్డు మాత్రమే. షిఫ్టు హడావిడిలో ఒకరి లాగిన్‌తో నలుగురు పనిచేస్తే, చేయని పనికి ఒకరు బాధ్యులవుతారు. చేసినవారి పేరు చరిత్రలో మిగలదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2018లో అమెరికా నియంత్రణ సంస్థ డేటా విశ్వసనీయతపై మార్గదర్శకాలు వెలువరించాయి. ఉమ్మడి లాగిన్ల సమస్యను అమెరికా పత్రం ప్రత్యేకంగా చర్చించింది. భారతదేశంలో 2023 డిసెంబరులో సవరించిన షెడ్యూల్ 'ఎం' కంప్యూటరీకృత వ్యవస్థలకు చోటు కల్పించింది.

భాషా సమస్య:
లైఫ్ సైన్సెస్ రంగ నైపుణ్యాభివృద్ధి మండలి వంటి సంస్థలు ఉద్యోగ ప్రమాణాలను రూపొందించాయి. అయినా నిబంధనల మూలపాఠం, నియంత్రణ సంస్థలతో వ్యవహారం ప్రధానంగా ఆంగ్లంలోనే సాగుతున్నాయి. తెలుగు మాధ్యమంలో చదివిన కార్మికుడు ఏ బటను నొక్కాలో గుర్తుపెట్టుకోగలడు. ఆ నొక్కుడుతో తానేమి ధ్రువీకరిస్తున్నాడో అర్థం కాకపోతే ఆ సంతకం అతనిది కాదు. శిక్షణ హాజరుపట్టీలో పేరు ఉండటం ఆ అవగాహనకు రుజువు కాజాలదు.

ముగింపు:
కాగితం నుండి కంప్యూటరుకు మారినప్పుడు రికార్డు నీతి మారలేదు, దాన్ని కార్మికునికి అందించే మార్గం మారింది. కాబట్టి పాస్‌వర్డు, ఆడిట్ ట్రయల్, ఎలక్ట్రానిక్ సంతకం వంటి భావనలను కార్మికుల వాడుకభాషలో వివరించే తెలుగు పాఠ్యసామగ్రి అవసరం. పరిభాషా నిర్మాణంలో అనుభవమున్న తెలుగు శాఖలు ఔషధశాస్త్ర శాఖలతో కలిసి చేపట్టదగిన పని ఇది. బాధ్యతను కార్మికునిపై మోపే ముందు దాని అర్థాన్ని అతని భాషలో చెప్పడం న్యాయం.