చూడకుండానే కాపలా

ప్రొద్దుటూరు బంగారం బజారులో కెమెరా లేని కొట్టు అరుదు. జమ్మలమడుగు నుంచో పులివెందుల నుంచో పెళ్లి నగలకు వచ్చిన కుటుంబం ఎంత డబ్బు లెక్కపెట్టిందో, ఏ హారం మెడలో వేసుకుని చూసుకుందో అన్నీ అందులో పడతాయి. ఆ వీడియోను గమనించే పని బయటి సర్వర్లకు అప్పజెప్పామనుకోండి. అవి దొంగ కదలికను పట్టాలి, కొనేవాళ్ల ముఖాలు మాత్రం చూడకూడదు.

తాళం వేసి పంపితే సరి అనిపిస్తుంది. కానీ ఏఈఎస్ లాంటి మామూలు తాళం వేసిన అంకెల మీద ఫిల్టర్ నడిపితే, తాళం తీశాక మిగిలేది చెత్తే. పోనీ పిక్సెళ్లను పేకముక్కల్లా కలిపేద్దామా? వెలుగు పెంచడం, తగ్గించడం వరకు నడుస్తుంది. బొమ్మను నునుపు చేసే ఫిల్టర్‌కు మాత్రం ప్రతి పిక్సెల్‌కూ దాని ఇరుగుపొరుగు కావాలి, చెదిరిపోయింది అదే.

తాళం తీయకుండా లెక్క చేయొచ్చా అని 1978లోనే రివెస్ట్, అడెల్‌మన్, డెర్టూజోస్ అడిగారు. 2006లో అవిడాన్, బుట్‌మన్ 'బ్లైండ్ విజన్' పేరుతో ముఖాలను ఆ విధంగా గుర్తించి చూపారు. అయితే రెండు వైపులా నడిచే సందేశాల భారం ఎక్కువ. ఆగకుండా తిరిగే కెమెరాకు ఆ వేగం చాలదు.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో మనీష్ ఉప్మన్యు, అనూప్ నంబూద్రి, కన్నన్ శ్రీనాథన్, సి.వి. జవహర్ వేరే దారి పట్టారు. శ్రీనాథన్‌ది గూఢలిపి శాస్త్రం, జవహర్‌ది కంప్యూటర్ విజన్. రెండూ ఒకే ప్రాంగణంలో ఉండటమే కలిసొచ్చిందని నా అనుమానం. వాళ్లు పట్టుకున్న కీలకం చిన్నది: పిక్సెల్ అంటే 0 నుంచి 255 లోపు అంకె, అంతే. దాన్ని శేషాలుగా విరిచి, ఒక్కో శేషాన్ని ఒక్కో సర్వర్‌కు పంపొచ్చు.

100, 120 అనే రెండు పక్క పిక్సెళ్లను తీసుకోండి. 11, 13, 17తో భాగిస్తే మొదటిదానికి 1, 9, 15 మిగులుతాయి. రెండోదానికి 10, 3, 1. ఏ సర్వర్‌కు ఆ సర్వర్ తన దగ్గరున్నవి కూడి, మళ్లీ శేషం తీస్తే 0, 12, 16. ఈ మూడింటినీ కలిపి అసలు సంఖ్యను వెతికితే 220 వస్తుంది. సగం చేస్తే 110: నునుపు ఫిల్టర్ చేసే పని ఇదే. దీని వెనకున్నది చైనీయుల శేష సిద్ధాంతం. 499 నాటి ఆర్యభటీయంలోని కుట్టకం కూడా ఇలాంటి లెక్కే.

శేషాలు మాత్రమే అయితే బొమ్మ అంచులు బయటపడతాయి. ఒకే రంగున్న చోట శేషమూ ఒకటే కదా! అందుకని పిక్సెల్‌ను ముందు పెద్ద సంఖ్యతో గుణించి, యాదృచ్ఛికంగా ఎంచిన అంకెను కలిపి, అప్పుడు విరిచారు. చివర్లో అదే సంఖ్యతో భాగిస్తే కలిపినది రాలిపోతుంది. 2009లో క్యోటోలో జరిగిన ఐసీసీవీ సదస్సులో దీన్ని ప్రచురించారు. ఆఫీసు లాంటి చోట అమర్చి, మనుషుల కదలికను పట్టి వెంబడించగలదని చూపారు. చట్టం అడిగితే ముక్కలన్నీ కలిపి అసలు వీడియో తీయొచ్చు.

ఈ పద్ధతిలో కూడికలు, గుణకారాలు తేలిక. భాగహారం, పోలిక కష్టం. అంతకన్నా పెద్ద లోపం, సర్వర్లు కుమ్మక్కైతే గుట్టు రట్టవడం. అదే ఏడాది క్రెయిగ్ జెంట్రీ ఒక్క సర్వర్‌తోనే ఏ లెక్కైనా తాళం మీదే చేసే పద్ధతి కనిపెట్టాడు. కాకపోతే 2011లో హలేవీతో కలిసి దాన్ని నడిపి చూసినప్పుడు, లెక్క మధ్యలో పేరుకునే రొదను ఒక్కసారి తగ్గించడానికే, అమరికను బట్టి 30 సెకన్ల నుంచి 30 నిమిషాల దాకా పట్టింది.