తల్లి కాదగిన పాము ఏది?

తిరువూరు వంటి ఊళ్ళ చుట్టూ గల మెట్టపొలాలలో దుక్కి దున్నే రైతులకు రెండు తలల పాము క్రొత్తది కాదు. దానికి నిజంగా ఉన్నది ఒక్క తలే. తోక మొద్దుగా, తల మాదిరిగా ఉండడంవల్ల ఆ పేరు వచ్చినది. విషం లేని ఈ సాధుజీవి అమెరికా ఖండపు బోవా పాముకు దగ్గరి చుట్టం. విదేశాలలో బోవాను ఇండ్లలో పెంచేవారు కలరు. వారిని వేధించే ప్రశ్న ఒకటి ఉన్నది: ఆడపాము ప్రాణానికి ముప్పు లేకుండా ఎప్పుడు తల్లి కాగలదు? ఈ ప్రశ్నకు సమాధానం దొరికిన చరిత్రలో మన తీరానికీ చోటున్నది.

1758లో లిన్నేయస్ బోవాకు శాస్త్రీయనామం పెట్టినప్పుడు దాని నివాసం ఇండియా అని వ్రాసినాడు. అది పొరపాటు. నిజంగా మన పాములను పరిశీలించినవాడు పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ 1785లో ఇతనిని ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించినది. విశాఖపట్నంలో ఉండి ఇతడు పాములను సేకరించి, ఏవి విషం గలవో, ఏవి కావో ప్రయోగాలతో తేల్చినాడు. 1796లో వెలువడిన అతని గ్రంథంలో ‘కాటుక రేకుల పొడ’, ‘పెద్ద పొడ’ వంటి తెలుగు పేర్లే కనిపిస్తాయి. రెండు తలల పామును 1801లో ‘బోవా జానీ’ అని వర్ణించినవాడూ ఇతడే. తరంగంబాడిలోని జాన్ అనే మత ప్రచారకుని పేర ఆ నామం ఏర్పడినది. నేటి శాస్త్రం దీనిని ‘ఎరిక్స్ జానీ’ అంటున్నది.

పేర్లు తెలిసినా పాముల సంతానోత్పత్తి చాలాకాలం మరుగుననే ఉన్నది. 1841లో పారిస్ జంతుశాలలో ఒక ఆడ కొండచిలువ గ్రుడ్లు పెట్టి, వాటిని చుట్టుకొని దాదాపు రెండు నెలలు పొదిగినది. వలన్‌సియన్ అనే శాస్త్రజ్ఞుడు ఉష్ణమాపకంతో కొలిచి, చుట్టల నడుమ వేడి బయటికంటె ఎక్కువని చూపినాడు. అన్నాళ్ళూ ఆ తల్లి నీరు త్రాగినదే గాని ఆహారం ముట్టలేదు. 1966లో న్యూయార్కు శాస్త్రజ్ఞులు ఆ వేడికి కారణం కనుగొన్నారు: పాము తన కండరాలను మాటిమాటికి ముడిచి వేడి పుట్టిస్తున్నది. తిండి లేకుండా ఈ శక్తి ఎక్కడిది? ముందే ఒంట్లో దాచుకొన్నదే.

బోవా, రెండు తలల పాము గ్రుడ్లు పెట్టవు, పిల్లలనే కంటాయి. బోవా నాలుగు నెలలు, అంతకు పైగా కూడ చూలు మోస్తుంది. ఆ కాలంలో సాధారణంగా తిండి తగ్గిస్తుంది, లేదా మానివేస్తుంది. కనుక ఖర్చంతా నిలువ సొమ్ము నుండే!

ఈ నిలువకు ఒక హద్దున్నదని 1996లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు నోలో, బొనే ప్రకటించినారు. వారు పరిశీలించినది పిల్లలను కనే ఒక జాతి పామును. పొడవుకు తగిన బరువు ఒక మట్టానికి చేరితేనే ఆడపాములో అండాలు పెరుగుతాయి. చేరకుంటే ఆ యేడు ఊరకుంటుంది. కాన్పు తరువాత తల్లి చిక్కి శల్యమవుతుంది. మళ్ళీ కోలుకొనడానికి ఏండ్లు పట్టవచ్చును.

మన రైతు కూడ పడ్డను కట్టించేముందు వయస్సు ఒక్కటే చూడడు, ఒళ్ళు చూస్తాడు. బోవా పెంపకందార్లు నేర్చుకొన్నదీ ఇదే. మూడు నాలుగేండ్లు నిండడం మొదటి షరతు మాత్రమే. నడుము గుండ్రంగా, కండ గట్టిగా ఉండాలి. వెన్నెముక పైకి తేలరాదు. అట్లని అతిగా మేపి త్వరగా పెంచిన పాము సిద్ధమైనట్లు కాదు. కొవ్వు పేరుకొనడం కూడ రోగమే. ఒకసారి కన్న తల్లిని పోయిన బరువు తిరిగి వచ్చేదాకా మగపాముతో కలుపరాదు.

అయితే ఇదే తూకం మనదేశంలో దురాశకు సాధనమైనది. రెండు తలల పాము ఇంట ఉంటే సిరి కలుగుతుందని, ఎంత బరువైతే అంత వెల అని మోసగాండ్రు ప్రచారం చేస్తున్నారు. ఈ జాతిలో మగవాటికంటె ఆడవే పెద్దవి. అంటే బరువైన పాము కోసం వెదికేవాడు పట్టుకొనేది తరచుగా తల్లి కాగల పామునే. ఏండ్ల తరబడి కూడబెట్టిన ఆ నిలువతో బాటు, పుట్టవలసిన పిల్లలూ పోతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పామును పట్టడం, అమ్మడం నేరం.

పెంపకందారుకు ‘ఇది సిద్ధంగా ఉన్నది’ అని చెప్పే బరువే, పొలంలోని పామును ‘దీనిని వదలు’ అని మనకు చెప్పవలెను. ఎలుకలను తినే ఈ జీవికి మనం చేయవలసిన మేలు అంతే.