దీపాలవేళ

"పొద్దు గుంకింది, ఇంక బయట తిరగబాకండిరా!" అని అరుగు మీదనించి మా అవ్వ కేకేసేది. సరిగ్గా అప్పుడే పక్కింటి బూబమ్మ కూడా తన పిల్లల్ని లోపలికి తరిమేది. అవ్వది అసురసంధ్య భయం, బూబమ్మది షైతాను భయం. లక్ష్మీదేవి వస్తుందని అవ్వ దీపం పెట్టి వీధితలుపు తెరిచేది. బూబమ్మ బిస్మిల్లా అని తలుపు మూసేది. తెరిచినా మూసినా పిల్లలం మాత్రం లోపలే!

ఇద్దరి మాటకూ ఆధారం లేకపోలేదు. సంధ్యవేళ రుద్రుడి భూతగణాలు తిరుగుతాయని కశ్యపుడు వారించినా దితి వినలేదనీ, అందుకే హిరణ్యాక్ష హిరణ్యకశిపులు పుట్టారనీ భాగవతం చెబుతుంది. చీకటి పడేవేళ షైతానులు తిరుగుతారు, కాసేపు పిల్లల్ని బయటికి వదలకండి అన్న హితవు 9వ శతాబ్దంలో బుఖారీ కూర్చిన హదీసుల్లో ఉంది.

ఈ రెండు భయాలూ మా వీధిలోనే ఇరుగుపొరుగులయ్యాయని చాలాకాలం అనుకున్నాను. సముద్రం అవతల ఏకంగా ఒక్కటైపోయాయని తరువాత తెలిసింది.

మా తీరం వెంట దక్షిణంగా పోతే పులికాట్ వస్తుంది, మనవాళ్ళ ప్రళయకావేరి. డచ్చివాళ్ళు 1613లో అక్కడ కోట కట్టుకుని, ఈ తీరపు నేతబట్టలు జావాకీ సుగంధద్రవ్యాల దీవులకీ పంపారు. మలేషియా ముస్లిములు నమాజుకు కట్టే గళ్ళలుంగీని ఈనాటికీ 'కైన్ పెలికట్' అంటారు. అంటే పులికాట్ బట్ట!

ఆ డచ్చి ఓడలకంటే ఎంతో ముందే మాటలూ వెళ్ళాయి. మన సంధ్య మలయ్ భాషలో 'సెంజా' అయింది. పశ్చిమ జావాలోనైతే సంధ్యాకాలం 'సాండెకాల' అయి, మగ్రిబ్ నమాజువేళ ఇల్లు చేరని పిల్లల్ని పట్టుకుపోయే దయ్యమై కూర్చుంది. చూశారా, అవ్వా బూబమ్మా ఒకే దయ్యంలో కలిసిపోయారు!

మధ్య జావాలో వెవె గొంబెల్ అని ఇంకొకతె ఉంది. తల్లిదండ్రులు పట్టించుకోని పిల్లల్ని ఎత్తుకుపోయి సాకుతుందట, పెద్దలకు బుద్ధివస్తే తిరిగి ఇచ్చేస్తుందట. కథ పిల్లలకే గానీ బెదిరింపు మనకి.

ఒకనాడు దీపాలు పెట్టినా బూబమ్మ చిన్నకొడుకు ఇల్లు చేరలేదు. లాంతరు పట్టుకుని ఉప్పుటేటి గట్టుకు మొదట పరుగెత్తింది మా అవ్వే. గట్టుకు లాగిన పడవలో నిద్రపోతూ దొరికాడు. ఇద్దరూ చెరో దెబ్బా వేసి, ఇద్దరూ ఏడ్చారు. ఆ పూట అసురులూ షైతానులూ ఎవరికీ గుర్తురాలేదు. ఉప్పుటేరే గుర్తొచ్చింది.