యుద్ధము వలదన్న ఒంటరి గొంతు

సామర్లకోటలో భీమేశ్వరుని సేవించుకొని, కాకినాడ శాఖామార్గము చీలు రైల్వే జంక్షనులో నిలిచిన యాత్రికునకు, ఈ పచ్చని సీమను యుద్ధము తాకినదన్న తలంపు రాదు. కాని 1758లో ఇంగ్లీషువారును ఫ్రెంచివారును పోరాడిన చెందుర్తి ఇచటికి చేరువనే యున్నది. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు పడిన కాకినాడ ఆ శాఖామార్గపు కొసనున్నది. సేనానుల చరిత్రకు కొదవ లేదు. యుద్ధము వలదని ఒంటరిగా పలికినవాని చరిత్రయే మనకు అరుదు.

1939 సెప్టెంబరు 3న భారతీయుల నడుగకయే వైస్రాయి లిన్‌లిత్‌గో దేశమును యుద్ధమున దింపగా, మరుసటి యేట గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహమును సంకల్పించిరి. అక్టోబరు 17న పౌనారులో వినోబా భావే తొలి సత్యాగ్రహియై యుద్ధమునకు వ్యతిరేకముగా ఉపన్యసించి, నాలుగు దినములకే నిర్బంధితులైరి. దక్షిణదేశపు ప్రముఖులలో టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముందునిలిచిరి. జనమును కూడగట్టక ఒక్కొక్కరే నిలిచి, ఎచట ఎప్పుడు పలుకబోవుదురో అధికారులకు ముందే తెలిపి, 20,000కు పైగా సత్యాగ్రహులు చెరసాలల కేగిరి.

అట్టి చరిత్రను కెమెరా పదిలపరచగలదనుటకు సాక్ష్యముగ, ఆ ఉద్యమమునకు సుమారు రెండు నెలల ముందు, 1940 ఆగస్టు 23న, ఏ.కె. చెట్టియారు నిర్మించిన ‘మహాత్మాగాంధీ’ డాక్యుమెంటరీ తమిళ వ్యాఖ్యానముతో మదరాసున విడుదలయ్యెను. పిదప తెలుగులోను వచ్చెను. ఖండాంతరములు తిరిగి ప్రోగుచేసిన సుమారు 50,000 అడుగుల ఫిల్మును 12,000 అడుగులకు కుదించిన ఆ ఓపిక, మన దేశమున డాక్యుమెంటరీ కళకు పునాదిరాయి.

ఆ సత్యాగ్రహమునకు ఆరు దశాబ్దుల పిమ్మట, అట్టి మరియొక ఒంటరి గొంతుగ, 2001 జూన్ 2న, బ్రయాన్ హా యను ఆంగ్లేయుడు ఇరాకుపై ఆంక్షలను నిరసించుచు లండను పార్లమెంటు ఎదుట బైఠాయించి, యుద్ధములు వచ్చినకొలది దీక్షను పెంచుకొని, వ్యాధిగ్రస్తుడగువరకు కదలడయ్యెను. 2005 నాటి చట్టము అచట నిరసనకు ముందస్తు అనుమతిని విధించెను; 2006 మే 23న పోలీసులు ఆయన నిరసన ఫలకములను పెక్కింటిని తొలగించిరి. చిత్రకారుడు మార్క్ వాలింజర్ వానిని యథాతథముగ పునర్నిర్మించి 2007లో టర్నర్ బహుమతి నందెను. హా 2011లో మరణించెను.

వ్యక్తి సత్యాగ్రహమునకును హా నిరసనకును నడుమ గమనింపదగిన భేద మొకటి కలదు. మన సత్యాగ్రహి ప్రభుత్వమునకు తెలియజేసెను, అనుమతి వేడలేదు. తెలియజేయుట ధైర్యము, అనుమతికై వేచియుండుమని శాసించుట ఆ ధైర్యమునకు బెదరుట. మహానాయకుల ననుసరించిన కెమెరా, తన యూరి కూడలిలో ఒంటరిగా నిలిచి పలికిన సామాన్యుని యొద్దకు అంతగా రాలేదు. ఆ సత్యాగ్రహుల కుటుంబముల జ్ఞాపకము చెదరకమునుపే, ఈ సామర్లకోట జంక్షను దాపున నైనను కెమెరా నిలిపి, వారి తాతగారు ఆ దినమున ఏమి పలికి వెడలిరో అడిగి పదిలపరచుట నేటి డాక్యుమెంటరీకారుల విధి.