ఖడ్గవర్మ ఎవరి బిడ్డ?

1970లు మొదలైన రోజులు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాను వదిలి ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో కలిశాయి. పెద్దవాళ్ళు కోర్టు పనికి ఇక ఏ ఊరు పోవాలో లెక్కలు వేసుకుంటున్నారు. పిల్లలకు ఆ బాధ లేదు. వాళ్ళకు కావలసింది మార్కాపూర్ రోడ్డు స్టేషన్లో మీటర్ గేజి బండి దించే పిల్లల పత్రిక చందమామ.

పలకల కార్ఖానా ముందు, విరిగిన రాతిబిళ్ళల కుప్ప పక్కన ఇద్దరు అన్నదమ్ములు. పుస్తకం అన్న ఒళ్ళో ఉంది. తమ్ముడి చేతిలో చట్రం బిగించని పలక, బలపం ముక్క. వాళ్ళ మాటలు నేను అల్లినవే. తగువు మాత్రం ఆ కాలంలో చందమామ వచ్చిన ప్రతి ఇంట్లో నడిచింది.

"నువ్వు కథ యాడ చదువుతావురా? బొమ్మలు చూసి పేజీలు తిప్పేస్తావు."

"బొమ్మ బాగుంటేనే గదన్నా చదవబుద్ధయ్యేది. ఈ కొమ్ములోడు లేకుంటే నీ ఖడ్గవర్మ కత్తి ఎవరి మీద దూస్తాడు?"

"వాడికి కొమ్ములున్నాయని రాసిందెవరు మరి?"

"ఎవరు? పేరు చెప్పు!"

అన్న పేజీలు వెనక్కీ ముందుకూ తిప్పాడు. బొమ్మ మూలన 'చిత్రా' అని సంతకం ఉంది. కథకు పేరుంది. రాసినవాడి పేరు ఎక్కడా లేదు.

ఆ పూట తమ్ముడే గెలిచాడు. వాడికి ఇంకో బలం కూడా ఉంది. రాక్షసుణ్ణి చూసి పలక మీద దించుకోవచ్చు, పక్కింటివాడికి చూపించి మెప్పు పొందవచ్చు. వాక్యాన్ని పలక మీద ఎక్కిస్తే అది ఇంపోజిషన్ అవుతుంది.

అన్నకు దొరకని ఆ పేరు దాసరి సుబ్రహ్మణ్యం. తెనాలి ప్రాంతం మనిషి. 1952లో మద్రాసులో చందమామలో చేరాడు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం' అంటూ మొత్తం 12 సీరియళ్ళు రాశాడు. ఒక్కదాని కిందా పేరు లేదు. సంపాదక బాధ్యత మోసిన కొడవటిగంటి కుటుంబరావు పేరే పత్రికలో కనిపించేది కాదు, ఇక సహాయకుడి మాట ఎవరడుగుతారు? బొమ్మలేసినవాళ్ళకు మాత్రం సంతకం ఉండేది. చిత్రా అసలు పేరు టి.వి. రాఘవన్. విక్రమార్కుడి భుజాన బేతాళుణ్ణి ఎక్కించిన శంకర్ పేరూ పిల్లలందరికీ తెలుసు. అంటే ఆ ఇళ్ళలో నడిచిన తగువు సమాన బలం ఉన్నవాళ్ళ మధ్య జరగలేదు. ఒక పక్షానికి పేరుంది, రెండో పక్షం పరదా వెనక ఉంది.

విచిత్రమేమిటంటే చందమామ పుట్టించిన చక్రపాణికే ఈ మాంత్రికులూ రాక్షసులూ అంతగా గిట్టేవారు కాదట. కుటుంబరావు కొడుకు రోహిణీప్రసాద్ ఆ సంగతి రాశాడు. ఒకసారి దాసరి సీరియల్ ఆపి బంకించంద్రుడి 'దుర్గేశనందిని' వేశారు. గొప్ప నవలే, కాదన్నవాళ్ళు లేరు. కానీ సర్క్యులేషన్ తగ్గింది. రాక్షసులు తిరిగొచ్చారు. మార్కాపురం కుర్రాళ్ళలాంటివాళ్ళు నోరు విప్పకుండానే ఇచ్చిన తీర్పు అది. అయితే ఆ తీర్పు కథకు పడిందా, బొమ్మకు పడిందా అన్నది మాత్రం తేలలేదు.

ఇదే తగువు అమెరికాలో రోబో బొమ్మల కామిక్స్ చుట్టూ నడిచింది, కాకపోతే తలకిందులుగా. జపాన్ కంపెనీ టకారా బొమ్మలను హాస్‌బ్రో తీసుకుని 1984లో 'ట్రాన్స్‌ఫార్మర్స్' పేరుతో అమ్మింది. వాటిలో చాలావాటికి పేర్లు, గుణగణాలు కల్పించినవాడు మార్వెల్ కామిక్స్‌లో పనిచేసే బాబ్ బుడియాన్‌స్కీ. అక్కడ రచయిత పేరూ చిత్రకారుడి పేరూ పేజీ మీదే అచ్చయ్యేవి. పెత్తనం మాత్రం బొమ్మల కంపెనీది. కొత్త బొమ్మ మార్కెట్లోకి దిగితే కథలోకీ దిగాలి. ఆ కామిక్ 24వ సంచికలో రోబోల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ వీడియో గేమ్ గెలుస్తాడు. గెలిచే క్రమంలో ఆటలోని అమాయక జీవులు చచ్చాయని మనసు కుంగి, తనను పేల్చేయమంటాడు. ఉదాత్తం అన్నవాళ్ళున్నారు, తలతిక్క రాత అన్నవాళ్ళూ ఉన్నారు. 56వ సంచిక నుంచి సైమన్ ఫర్మన్ కలం పట్టాక అభిమానులు రెండు జట్లయ్యారు. నాలుగు సంచికలకని మొదలైన కామిక్ 1991లో 80వ సంచికతో ముగిసింది. ఆ చివరి అట్ట మీద 'నాలుగు సంచికల సీరీస్‌లో 80వది' అని తమను తామే వెక్కిరించుకున్నారు. పేర్లన్నీ తెలిసినా అక్కడా తగువు తీరలేదు. కనీసం ఎవరిని తిట్టాలో, ఎవరిని పొగడాలో వాళ్ళకు తెలుసు.

మన తగువులో నేను అన్న పక్షం. చిత్రా మొసళ్ళూ మాంత్రికులూ నిజంగా నిద్ర చెడగొట్టేవి, ఒప్పుకుంటాను. వీరుల దగ్గరకొచ్చేసరికి అందరూ ఒక తల్లి బిడ్డల్లా ఉంటారు. ఖడ్గవర్మ కిరీటం తీసి ఇంకో సీరియల్ వీరుడు విక్రమకేసరికి పెట్టినా ఎవరూ పట్టుకోలేరు. వాళ్ళను విడదీసేది మాటలే. ఖడ్గవర్మకు తొందర, పక్కనున్న జీవదత్తుడికి నిదానం. ఆపద వచ్చిపడగానే ఒకడి చెయ్యి కత్తి మీదికి పోతుంది, రెండోవాడి బుర్ర ఉపాయం మీదికి పోతుంది. నెలాఖరున వాళ్ళను సరిగ్గా ఏ గుహ నోట వదిలేస్తే పిల్లవాడు వచ్చే నెల బండి కోసం కాచుకుంటాడో దాసరికి తెలుసు. ఆ జంటలనే పేర్లు మార్చి మళ్ళీ మళ్ళీ వాడుకున్నాడన్న నింద కూడా ఉంది. అబద్ధం కాదు.

తమ్ముళ్ళ పక్షానికి గట్టి సాక్ష్యం 1978. ఆ ఏడు చిత్రా పోయాడు. దాసరి కొత్త సీరియల్ చందమామలో మళ్ళీ రాలేదు. బొమ్మ పోయింది కాబట్టే కథ ఆగింది, ఇంకేం కావాలి అంటారు వాళ్ళు.

దానికి అన్నల జవాబు 'మృత్యులోయ'. బొమ్మరిల్లు పత్రికలో వచ్చిన ఆ సీరియల్ కూడా దాసరిదే. అక్కడా ఆయన తన పేరు పెట్టుకోలేదు. చిత్రా గీత ఒక్కటి కూడా అందులో లేదు. అయినా పిల్లలు వదలకుండా చదివారు, పెద్దయ్యాక వెతుక్కున్నారు.

2010 జనవరిలో ఆయన చనిపోయే నాటికి ఆ పేరు చాలామందికి తెలిసింది. తలలు నెరిసిన పాఠకులు, తమను అంతగా భయపెట్టింది ఈ మనిషా అని ఆశ్చర్యపోయారు. అయినా అన్నలే గెలిచారని అనబోతే నన్ను ఆపే లెక్క ఇంకొకటుంది. చిత్రా పోయాక కూడా దాసరి ఆ పత్రికను వదల్లేదు, 2006 దాకా అందులోనే పనిచేశాడు. 28 ఏళ్ళు. శంకర్ కుంచె కూడా అదే కప్పు కింద ఉంది.