కాలువ గట్టు నుంచి కాలనీ దాకా: బెజవాడ విస్తరణలో నీటి దారులు

బెజవాడ రైలు వల్ల పెరిగిందన్న అభిప్రాయం బలంగా స్థిరపడింది. అది పాక్షిక సత్యమే. 1852లో ఆరంభమై 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట ఈ ఊరిని డెల్టా కాలువలకు మొదలుగా మార్చింది. ఏలూరు కాలువ ఇక్కడి పడవలను గోదావరి కాలువలతో కలిపింది. ఆవలి ఒడ్డున కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా జలమార్గం ఏర్పడింది. 1893లో కృష్ణపై రైలు వంతెన పూర్తయ్యేనాటికే బెజవాడ పడవల కూడలి. నేటికీ నగరవాసులు ఒక ప్రాంతాన్ని ‘ఏలూరు లాకులు’ అంటారు. పడవలు పోయాయి, పేరు మిగిలింది.

బందరు పడిపోగానే బెజవాడ లేచిందనడమూ తొందరపాటే. 1864 ఉప్పెన బందరును ధ్వంసం చేసినా, 1901 జనగణన నాటికి అక్కడ దాదాపు 39 వేల మంది, బెజవాడలో 24 వేల మంది ఉన్నారు. రేవు ప్రాభవం తగ్గినా జిల్లా కేంద్రంగా బందరు నిలిచింది. కాబట్టి ఈ మార్పును ఒక్క సంఘటనకు ముడిపెట్టలేం.

తరువాతి విస్తరణ బందరు రోడ్డు, ఏలూరు రోడ్డుల వెంట సాగింది. పటమట, కానూరు, పెనమలూరు, పోరంకి ఒకప్పటి వ్యవసాయ గ్రామాలు. ఇక్కడ పరిశోధకులు అంతగా పట్టించుకోని అంశం ఒకటుంది. డెల్టా వ్యవస్థలో చేలకు నీరిచ్చే పంట బోదె వేరు, చేలలోని నీటిని తీసే మురుగు కాలువ వేరు. చేను ఇళ్ల స్థలమైనప్పుడు బోదెకు పని పోతుంది. అది పూడుతుంది, లేదా ఇళ్ల మురుగును మోస్తుంది. పొలం అమ్మిన రైతుకు ధర దక్కింది. ఆ పొలంలో నాట్లు వేసిన కూలీకి, కౌలుదారుకు ఏం దక్కిందన్న ప్రశ్న మన స్థానిక చరిత్రల్లో అరుదు.

ఉత్తరాన బుడమేరు కథ వేరు. అది తవ్విన కాలువ కాదు, కొల్లేరుకు చేరే వాగు. వెలగలేరు వద్ద దాని వరదను కృష్ణలోకి మళ్లించే ఏర్పాటు ఉంది. ఆ భరోసాతోనే కావచ్చు, దిగువన ఇళ్లు పెరిగాయి. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. అప్పుడు ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అందరి చూపూ కృష్ణ మీదే ఉంది. అజిత్‌సింగ్‌ నగర్‌ను ముంచింది మాత్రం బుడమేరు. రోజుల తరబడి నీటిలో ఉన్నవారిలో అత్యధికులు శ్రామిక కుటుంబాలవారు.