గాబా సదస్సు (డువార్టే, 1959)

నాడీకణాల పనిని ఆపే రసాయన సంకేతం ఏదన్న ప్రశ్న మీద 1959 మే నెలలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, డువార్టే పట్టణంలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ఇది. సిటీ ఆఫ్ హోప్ వైద్య కేంద్రంలో జీవరసాయన శాస్త్రవేత్త యూజీన్ రాబర్ట్స్ చొరవతో దీన్ని నిర్వహించారు. చర్చంతా గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లం, అంటే గాబా చుట్టూ తిరిగింది. సదస్సు పత్రాలు 1960లో పుస్తకంగా వెలువడ్డాయి.

నాడులు ఒక అవయవం పనిని ఆపగలవన్న సంగతి అప్పటికే పాతది. వేగస్ నాడిని ప్రేరేపిస్తే గుండె ఆగుతుందని వెబర్ సోదరులు 1845లో చూపారు. కప్ప మెదడులో ఒకచోట ఉప్పు పలుకు పెడితే కాలి ప్రతిచర్య మందగిస్తుందని 1860లలో రష్యాకు చెందిన సెచెనోవ్ గమనించాడు. చేతిని మడిచే కండరం బిగిసేటప్పుడు దాన్ని చాచే కండరం సడలాలి. ఈ సడలింపు కూడా వెన్నుపాము చేయించే పనేనని షెరింగ్టన్ నిరూపించాడు. ఇలా పనిని ఆపడాన్నే నిరోధం అంటారు. అది విద్యుత్తు వల్ల కలుగుతుందని గట్టిగా వాదించిన జాన్ ఎక్లిస్, 1951లో పిల్లి వెన్నుపాము కణాల్లోకి సన్నని ఎలక్ట్రోడ్లు దించి చూశాక తన మాట వెనక్కి తీసుకుని రసాయన సిద్ధాంతం వైపు వచ్చాడు. ఇక తేలవలసింది ఆ రసాయనం పేరే.

గాబా మాత్రం వేరే దారిన వచ్చింది. మెదడు కణజాలంలో ఇది పెద్ద మోతాదులో ఉందని 1950లో రాబర్ట్స్, ఆయనతో సంబంధం లేకుండా అవపారా కనుగొన్నారు. అది అక్కడ ఏం చేస్తుందో ఇద్దరికీ అంతుపట్టలేదు. ఈలోగా ఎర్నెస్ట్ ఫ్లోరీ పశువుల మెదడు సారంలో, క్రేఫిష్ అనే మంచినీటి జీవి నాడీకణాన్ని నిలిపివేసే పదార్థం ఒకటుందని గుర్తించి, దానికి ‘ఫ్యాక్టర్ ఐ’ అని పేరు పెట్టాడు. 1957లో బేజ్‌మోర్, ఎలియట్‌లతో కలిసి మాంట్రియల్‌లో దాన్ని శుద్ధి చేస్తే తేలింది గాబాయే. గాబా తయారీకి బి6 విటమిన్ అవసరం. 1950ల తొలినాళ్లలో ఆ విటమిన్ తగ్గిన డబ్బా పాలు తాగిన అమెరికా పసిపిల్లలకు మూర్ఛలు వచ్చిన ఉదంతం కూడా ఈ దిశగానే వేలు చూపింది.

అయినా డువార్టేలో ఏకాభిప్రాయం కుదరలేదు. గట్టి అభ్యంతరం కాన్బెర్రా పరిశోధకులు కర్టిస్, ఫిలిస్, వాట్కిన్స్‌ల నుంచి వచ్చింది. వెన్నుపాములోని సహజ నిరోధాన్ని స్ట్రిక్నిన్ ఆపేస్తుంది, గాబా కలిగించే నిరోధాన్ని ఆపదు. కాబట్టి గాబా అసలు సంకేతం కాదన్నది వారి తర్కం. స్ట్రిక్నిన్ అంటే మన అడవుల్లో దొరికే ముష్టి గింజల విషమే. ప్రయోగం తప్పు కాదు. వెన్నుపాముకూ మెదడుకూ నిరోధక సంకేతం ఒకటే ఉండాలన్న ఊహ దగ్గరే చిక్కు వచ్చింది. 1965లో ఏప్రిసన్, వెర్మన్ వెన్నుపాములో గ్లైసిన్ పాత్రను ప్రతిపాదించాక ముడి విడింది: ముష్టి విషం అడ్డుకునేది ప్రధానంగా గ్లైసిన్‌ను.

సదస్సు తీర్పు చెప్పలేదు గాని, రసాయనం చూసేవాళ్లనూ విద్యుత్తు కొలిచేవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టి, ఏ రుజువులు కావాలో తేల్చింది. దాని అసలు విలువ అక్కడే ఉంది. ఆ రుజువులు మొదట దొరికింది పెద్ద రొయ్యలాంటి లాబ్‌స్టర్‌లో. దాని నిరోధక నాడిని ప్రేరేపిస్తే గాబా విడుదలవుతుందని 1966లో హార్వర్డ్‌లో ఒట్సుకా, ఐవర్సన్, హాల్, క్రావిట్జ్ చూపారు. మరుసటి ఏడు క్రిన్యెవిచ్, ష్వార్ట్జ్ పిల్లి మెదడు పైపొరలో గాబా చర్య సహజ నిరోధంతో సరిపోతుందని నిర్ధారించారు. 1970లో కర్టిస్ బృందమే బైకుకులిన్ అనే మొక్క రసాయనం గాబాతో పాటు మెదడులోని సహజ నిరోధాన్నీ అడ్డుకుంటుందని కనుగొంది. పదకొండేళ్ల కిందట కాదన్నవాళ్ల చేతి మీదుగానే గాబాకు బలమైన సాక్ష్యం రావడం విశేషం.

గాబా తగిలినప్పుడు నాడీకణం పొరలో క్లోరైడ్ ద్వారం తెరుచుకుంటుంది. రుణావేశం లోపలికి చేరి కణం సులువుగా రేగదు. డయాజిపామ్ వంటి మందులు ఈ ద్వారం మరింత తరచుగా తెరుచుకునేలా చేస్తాయి. ఆయుర్వేదంలో కాకమారి అని పిలిచే తీగ కాయల్లోని పిక్రోటాక్సిన్ దాన్ని మూసేస్తుంది. ఈ ద్వారపు ప్రొటీన్ల జన్యువులను 1987లో బర్నార్డ్, సీబర్గ్ బృందాలు వేరుచేశాయి.

తెలుగు నేలకు ఈ విజ్ఞానం పురుగుమందు డబ్బాల ద్వారా దగ్గరైంది. మెట్ట పొలాల్లో పత్తికీ కందికీ విరివిగా కొట్టిన ఎండోసల్ఫాన్, పిక్రోటాక్సిన్ లాగే గాబా ద్వారాన్ని అడ్డుకుంటుంది. అందుకే పురుగు చచ్చినట్టే, ఒంట్లోకి పోయిన మనిషికీ ఆగకుండా మూర్ఛలు వస్తాయి. వరంగల్ ప్రభుత్వాసుపత్రిలో 1997–2002 మధ్య పురుగుమందు విషంతో చేరిన 8,000 మందికి పైగా రోగుల మీద అధ్యయనం జరిగింది. 2002లో ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగానికి మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ కారణమని అందులో తేలింది. ఎండోసల్ఫాన్‌కు విరుగుడు లేదు. మూర్ఛలను అదుపు చేయడానికి వైద్యులు వాడేది డయాజిపామ్ కుటుంబపు మందులనే. 2011 మేలో సుప్రీంకోర్టు దేశంలో ఎండోసల్ఫాన్ తయారీ, అమ్మకాలను నిలిపివేసింది.